పన్ను ఒకరిది, జవాబు ఇంకొకరిది: తెలుగు పట్టణాల పాలకవర్గాలపై ఒక పరిశీలన

చీరాల, పేరాల గ్రామాలను కలిపి మద్రాసు ప్రభుత్వం పురపాలక సంఘంగా మార్చినప్పుడు అక్కడి జనం సంతోషించలేదు. చేనేత మీద, చిల్లర వ్యాపారం మీద బతికే ఊళ్లు అవి. మున్సిపాలిటీ రాగానే పన్నులు పలు రెట్లు పెరిగాయి, కొత్త సౌకర్యాల జాడ మాత్రం లేదు. పన్ను కట్టబోమన్నవారిని జైలుకు పంపారు. చివరికి 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో, సుమారు 15 వేల జనాభాలో అత్యధికులు ఇళ్లు వదిలి ఊరి బయట రామనగర్ పేరుతో పాకలు వేసుకున్నారు. దాదాపు 11 నెలలు అక్కడే ఉన్నారు. ఆనాడు మద్రాసు మంత్రివర్గంలో స్థానిక స్వపరిపాలన శాఖ తెలుగువాడైన పానగల్లు రాజా రామరాయణింగారి చేతిలోనే ఉండేది.

ఈ ఘట్టాన్ని మన పాఠ్యపుస్తకాలు సహాయ నిరాకరణోద్యమంలో ఒక అధ్యాయంగా చెబుతాయి. పురపాలన చరిత్రగా దాన్ని చదివినవారు తక్కువ. అలా చదివితే అందులో ఒక సూటి ప్రశ్న కనిపిస్తుంది: మా మీద పన్ను వేయాలని నిర్ణయించింది ఎవరు, ఆ డబ్బుకు మాకు లెక్క చెప్పేది ఎవరు? ఈ రెండు ప్రశ్నలకూ ఒకే జవాబు ఉన్నప్పుడే స్థానిక ప్రభుత్వమనే మాటకు అర్థం ఉంటుంది. నేటి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పట్టణాల్లో ఆ జవాబులు వేరువేరుగా ఉన్నాయన్నది ఈ వ్యాసం వాదన. నిధుల కొరత, సిబ్బంది కొరత, రాజకీయ జోక్యం అని మనం విడివిడిగా చెప్పుకునే సమస్యల్లో చాలా వాటి మూలం అక్కడే ఉంది.

రాజ్యాంగం వైపు నుంచి చూస్తే లోటేమీ కనిపించదు. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ సవరణ పురపాలక సంస్థలకు ఐదేళ్ల కాలపరిమితి, రాష్ట్ర ఎన్నికల సంఘం, రాష్ట్ర ఆర్థిక సంఘం ఇచ్చింది. పన్నెండో షెడ్యూల్లో 18 బాధ్యతలు చేర్చింది. వాటిని అప్పగించే పని మాత్రం రాష్ట్ర శాసనసభల ఇష్టానికి వదిలేసింది. ఫలితం ఏమిటో 2024లో 18 రాష్ట్రాల పట్టణ సంస్థలపై కాగ్ విడుదల చేసిన సంకలన నివేదికలో ఉంది. చట్టం ప్రకారం సగటున 17 బాధ్యతలు బదిలీ అయ్యాయి, సంపూర్ణ స్వేచ్ఛతో నిర్వహించగలుగుతున్నవి నాలుగు. సొంత రాబడి మొత్తం ఆదాయంలో 32 శాతం, మంజూరైన పోస్టుల్లో 37 శాతం ఖాళీ. రిజర్వు బ్యాంకు 2022 నివేదిక లెక్కలో దేశంలోని పురపాలక సంస్థల ఆదాయం స్థూల దేశీయోత్పత్తిలో ఒక శాతం దగ్గరే ఆగిపోయింది. బ్రెజిల్‌లో ఇది 7.4 శాతం, దక్షిణాఫ్రికాలో 6 శాతం.

ఈ అంకెల వెనుక ఉన్న యంత్రాంగం ఎలా పనిచేస్తుందో చూడటానికి ఆంధ్రప్రదేశ్‌లోని చెత్త పన్ను ఉదంతం కన్నా మంచిది దొరకదు. ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు, 2016 ప్రకారం చెత్త సేకరణకు వాడకం రుసుము నిర్ణయించుకోవాల్సింది స్థానిక సంస్థే. 2021లో రాష్ట్ర ప్రభుత్వం క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) పేరిట ఇంటింటి చెత్త సేకరణ మొదలుపెట్టి, రుసుము వసూలుకు పట్టణాల్ని పురమాయించింది. పెద్ద నగరాల్లో ఇంటికి నెలకు 120 రూపాయల దాకా వేశారు. పథకం రూపకల్పన, ఆటోల ఏర్పాటు రాష్ట్ర స్థాయిలో జరిగాయి. పాలకమండళ్ల ముందుకు వచ్చింది తీర్మానం కాగితం. వార్డు సచివాలయాల్లోని శానిటేషన్ కార్యదర్శులు వసూలు లక్ష్యాలు పట్టుకుని గడప గడపకూ తిరిగారు. వీధి జనం మాత్రం తమకు తెలిసిన ముఖాన్నే నిలదీశారు. ఆ ముఖం కౌన్సిలర్‌ది. 2024 ఎన్నికల్లో చెత్త పన్ను ప్రచారాంశమైంది. ప్రభుత్వం మారింది. అదే ఏడాది అక్టోబరు 2న మచిలీపట్నంలో కొత్త ముఖ్యమంత్రి రద్దు ప్రకటించారు, ఏడాది చివర్లో చట్టాన్నీ సవరించారు.

పన్ను మంచిదా చెడ్డదా అన్న వాదన ఇక్కడ పక్కన పెడదాం. చెత్త ఎత్తడానికి డబ్బు ఖర్చవుతుంది, ఎవరో ఒకరు కట్టాలి. గమనించాల్సింది వేరే ఉంది. వేయడం, తీసేయడం రెండూ రాజధానిలోనే నిర్ణయమయ్యాయి. మధ్యలో ఒక్క పాలకమండలి అయినా తన ఊళ్లో చెత్తకు నెలకు ఎంత ఖర్చవుతోంది, ఆస్తి పన్నులోంచి ఎంత సర్దుతున్నాం, మిగతాది ఎక్కడి నుంచి తేవాలి అన్న చర్చ ప్రజల మధ్య పెట్టిన దాఖలా నా దృష్టికి రాలేదు. రుసుము పోయింది, ఖర్చు పోలేదు. ఆటోకు డీజిలు, కార్మికుడికి జీతం, డంపింగ్ యార్డులో పేరుకున్న పాత చెత్త అన్నీ పురపాలక సంఘం నెత్తినే ఉన్నాయి. వేతనాల కోసం మున్సిపల్ కార్మికులు 2023 డిసెంబరు చివర రాష్ట్రవ్యాప్త సమ్మెకు దిగినప్పుడు వీధుల్లో గుట్టలుగా పడిన చెత్తకూ తిట్లు తిన్నది ఊరి నాయకులే. జీతం పెంచే అధికారం వాళ్లకు లేదు.

ఆస్తి పన్నుదీ అదే కథ. 2021 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో అద్దె విలువకు బదులు మూలధన విలువ ఆధారంగా పన్ను లెక్కిస్తున్నారు. పద్ధతి మార్పు, ఏటా పెరుగుదల 15 శాతం మించరాదన్న గరిష్ఠ పరిమితి రెండూ పైనుంచే వచ్చాయి. ప్లాట్ల విషయంలోనూ నిర్ణయం పైనుంచే వస్తుంది: తెలంగాణలో రాష్ట్ర ప్రభుత్వం 2020లో తెచ్చిన లేఅవుట్ క్రమబద్ధీకరణ పథకానికి సుమారు 25 లక్షల దరఖాస్తులు వచ్చాయి. అంటే అనుమతి లేని లేఅవుట్లలో అమ్ముడైన ప్లాట్లు అన్ని లక్షలున్నాయని అర్థం. వాటిలో పట్టణ పరిధిలో ఉన్నవాటికి రేపు మురుగు కాలువ వేయాల్సింది పట్టణమే. అలాంటి లేఅవుట్లను మొదట్లోనే ఆపాల్సిందీ పట్టణమే కదా అంటే, నిజమే. ఆ తప్పు గురించి కింద మాట్లాడతాను.

పన్నుకు జవాబు చెప్పే మనిషి బలహీనంగా ఉండటం ఒక ఎత్తు, అసలు లేకపోవడం ఇంకో ఎత్తు. కాలపరిమితి ముగిసేలోపే ఎన్నికలు పెట్టాలని రాజ్యాంగం 243-యు అధికరణం చెబుతోంది. కిషన్‌సింగ్ తోమర్ కేసులో 2006లో సుప్రీంకోర్టు ఇదే గట్టిగా చెప్పింది. ఉమ్మడి రాష్ట్రంలో 2005లో ఎన్నికైన పాలకవర్గాల గడువు 2010 సెప్టెంబరులో తీరిపోతే, ఎన్నికలు 2014 మార్చిలో జరిగాయి. 2014 పాలకవర్గాల గడువు 2019లో ముగిస్తే ఆంధ్రప్రదేశ్‌లో 2021 మార్చి దాకా ప్రత్యేకాధికారులే. తెలంగాణలో 2020 జనవరిలో ఎన్నికైన పాలకవర్గాలు 2025 జనవరిలో దిగిపోయాయి, ఆ సంవత్సరమంతా ఎన్నికల్లేకుండానే గడిచింది. గ్రామాల విలీనం, బీసీ రిజర్వేషన్ల లెక్క, కోర్టు కేసులు అని ప్రతిసారీ ఒక కారణం ఉంటుంది. కారణాలు నిజమైనవే కావచ్చు. కానీ శాసనసభ ఎన్నికలు ఇలాంటి కారణాలతో నాలుగేళ్లు వాయిదా పడటం ఎవరైనా చూశారా?

గుంటూరు నగరపాలక సంస్థకు 2014లోనూ ఎన్నిక జరగలేదు; 2010 నుంచి 2021 దాకా అక్కడ ఎన్నికైన పాలకమండలి లేదు. 2018 మార్చిలో పాత గుంటూరు, ఆనందపేట ప్రాంతాల్లో తాగునీటిలో మురుగు కలిసి అతిసారం ప్రబలింది. పలువురు చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. పాలకమండలి ఉండి ఉంటే ఇది జరిగేది కాదని నేను అనను. 2024లో పాలకవర్గాలున్న చోట కూడా అతిసారం వచ్చింది. అయితే ఇలాంటి ప్రమాదం ఎలా పుడుతుందో కొంచెం దగ్గరగా చూడాలి. మన పాత పేటల్లో ఇంటి కొళాయికి వెళ్లే గొట్టం చాలా చోట్ల మురుగు కాలువ లోపలి నుంచో, దాని గోడ పక్క నుంచో పోతుంది. నీళ్లు రోజంతా రావు, వదిలేది గంటో రెండు గంటలో. వదిలినంతసేపూ గొట్టంలో ఒత్తిడి ఉంటుంది కాబట్టి చిల్లు ఉంటే నీరు బయటికి కారుతుంది. వాల్వు కట్టేశాక ఒత్తిడి పడిపోయి, అదే చిల్లులోంచి కాలువ నీరు లోపలికి వస్తుంది. మరునాడు పొద్దున మొదటి బిందెలో ఆ నీరే పడుతుంది. రంగు మారిందని ముందుగా గమనించేది ఇంటి ఆడవాళ్లు. వాళ్లు చెప్పుకోవడానికి వీధిలో ఒక మనిషి ఉండాలి, ఆ మనిషి మాటకు ఫిట్టరు ఆ రోజే రావాలి. గొట్టాలను కాలువలోంచి తప్పించి మార్చడం లక్షలతో అయ్యే పని, శిలాఫలకం దక్కని పని. ఏ పథకం పేరూ దాని మీద రాయలేరు. అందుకే అది ఏటా అజెండా చివరికి జారిపోతుంది.

ఎన్నికైనవారు ఉన్న చోట కూడా వారికి దక్కే చోటు ఇరుకే. 2019 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన వార్డు సచివాలయాలు సేవల్ని వీధిలోకి తెచ్చాయి, ఇది మెచ్చుకోవాల్సిందే. కానీ ఆ సిబ్బంది మీద కౌన్సిలర్‌కు చెప్పుకోదగ్గ అజమాయిషీ ఇవ్వలేదు. ఎమ్మెల్యేలు, ఎంపీలు ఎక్స్‌అఫీషియో సభ్యులుగా ఓటు వేసి ఛైర్‌పర్సన్ ఎన్నికను మలుపు తిప్పడం 2020 జనవరిలో తెలంగాణలో చూశాం. నేరేడుచర్ల, తుక్కుగూడల్లో ఇదే వివాదమైంది. రెండు రాష్ట్రాల్లోనూ స్థానిక సంస్థల్లో సగం స్థానాలు మహిళలవి. వారి కుర్చీ పక్కన భర్త కూర్చోవడం మాత్రం ఇంకా మామూలుగానే సాగుతోంది. ఇక చట్టం పెట్టిన కనీస గడువు దాటగానే అవిశ్వాస తీర్మానాలు, సభ్యుల్ని బస్సులెక్కించి శిబిరాలకు తరలించడాలు. దీని మీద ఎక్కువ రాయడం అనవసరం, పాఠకులకు తెలిసిందే.

అయినా పట్టణ నాయకత్వానికి నేను పూర్తి క్షమాపత్రం ఇవ్వలేను. చేతిలో ఉన్న అధికారాన్ని వాడుకోని సందర్భాలు చాలా ఉన్నాయి. ఆస్తి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతుంది. అది పురపాలక సంఘం డబ్బు కాదు, జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాల్సింది. వసూలు చేసి జమ చేయకుండా ఏళ్ల తరబడి బకాయి పడ్డ సంఘాలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. రాష్ట్రం తమ వాటా ఇవ్వడం లేదని ఫిర్యాదు చేసేవారు తామూ అదే పని చేస్తున్నారు. కాలువల ఆక్రమణలదీ అదే తీరు. 2024 సెప్టెంబరు 1న బుడమేరుకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట మునిగాయి. దీనికి నీటిపారుదల శాఖ బాధ్యత ఎక్కువ. కానీ వాగు దారిలో ఇళ్లకు కొళాయి కనెక్షను, పన్ను మదింపు సంఖ్య ఇచ్చింది ఎవరు? ఓటున్న చోట ఆక్రమణను తొలగించలేం అన్న మాట ప్రతి పట్టణంలోనూ వినిపిస్తుంది. ఆ ఇళ్లలో ఉన్నది పేదలే, వారికి ముందు వేరే చోటు చూపించాలి. ఆ పని వాన రాకముందు మొదలుపెట్టడమే నాయకుడి బాధ్యత.

పరిష్కారాల కోసం మరో రాజ్యాంగ సవరణ దాకా ఆగాల్సిన పని లేదు. తెలంగాణ 2019 చట్టం ప్రతి వార్డుకు యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖులతో నాలుగు కమిటీలు ఉండాలంది. బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి కేటాయించి, నాటిన మొక్కల్లో 85 శాతం బతికించాలంది. మొక్కలకు పెట్టిన ఈ షరతు గొట్టాలకు, కాలువలకు కూడా పెట్టవచ్చు. ప్రతి పాలకమండలి ఏటా బడ్జెట్‌కు ముందు మూడు లెక్కలు వార్డు వారీగా గోడకెక్కించాలి: ఈ వార్డు కట్టిన పన్ను, ఈ వార్డు మీద పెట్టిన ఖర్చు, కాలువలోంచి పోతున్న కొళాయి గొట్టాల సంఖ్య. ఇందుకు ప్రభుత్వ ఉత్తర్వు అక్కర్లేదు, ఒక తీర్మానం చాలు. పన్ను పెంచాల్సి వస్తే ఆ లెక్క ముందు నిలబడి పెంచగలిగిన ఛైర్‌పర్సన్‌కు రాష్ట్రాన్ని నిలదీసే నైతిక బలం కూడా వస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2021 మార్చిలో ఎన్నికైన పాలకవర్గాల గడువు 2026 మార్చి వరకే. గడువులోగా ఎన్నిక జరగని ప్రతి పట్టణంలోనూ పన్ను నోటీసు మాత్రం సకాలంలోనే ఇంటికి వస్తుంది. ఆ నోటీసు అందుకున్న పాఠకులు దాన్ని కట్టే ముందు, తమ వార్డు లెక్క చూపమని కార్యాలయాన్ని రాతపూర్వకంగా అడగాలని మనవి.