కత్తి వాలుకు మెరుగు పెడితే పదును పెరుగుతుందా?

సాన పట్టించిన కత్తి తళతళ మెరుస్తూ ఇంటికి వస్తే అది పదునెక్కినట్లేనని మనలో చాలామంది భావిస్తారు. మెరుపు తగ్గగానే మొద్దుబారిందని మరల సానకు ఇస్తారు. ఏటేటా ఇట్లా ఇస్తూ పోతే కత్తి అరిగి సన్నబడుతుందే గాని పదును నిలవదు. మెరుపుకూ పదునుకూ గల సంబంధం ఎంతో తెలుసుకోవడం ఇంటి ఖర్చుకే గాక చేతివేళ్ళ క్షేమానికి కూడా అవసరం. మొద్దు కత్తి మీద బలం ఎక్కువ పెట్టవలసి వస్తుంది. బలం పెట్టిన కత్తి జారితే తెగేది వేలే.

ముందుగా మాటల సంగతి. కత్తి రేకు అడుగున, అంచుకు ఆనుకొని ఏటవాలుగా నూరిన సన్నని పట్టీని ఈ వ్యాసంలో 'వాలు' అంటున్నాము. వంటింటి కత్తికి దీని వెడల్పు సుమారు ఒక మిల్లీమీటరు. ఇరువైపుల వాలులు కలిసే గీత 'అంచు'. కోసేది అంచు, వాలు దాని వెనుక దారి చేసుకుంటూ పోతుంది. ఇక 'సాన' అన్నది సంస్కృతంలోని 'శాణ' నుండి వచ్చిన మాట. సరిహద్దు దాటితే ఇదే కన్నడంలో 'సాణె', తమిళంలో 'సాణై', ఒడియాలో 'శాణ' అవుతుంది. మరాఠీవారు మాత్రం కత్తికి 'ధార' పెట్టించుకుంటారు. పూర్వం సానకు వాడిన కురువిందాన్ని తమిళులు 'కురుందం' అంటారు. ఆంగ్లంలోని 'కొరండం' మన దక్షిణాది భాషల నుండి వెళ్ళిన మాటే. కాఠిన్యపు కొలతలో వజ్రానిది 10 అయితే దీనిది 9. నేడు అంగళ్ళలో దొరికే నల్లని రాయి కార్బొరండం. అది గనిలో దొరికేది కాదు, 1890వ దశకంలో కొలిమిలో తయారు చేయడం నేర్చుకున్న పదార్థం.

పదును అంటే అంచు ఎంత సన్నగా ఉన్నదన్నదే. ఎనిమిదవ తరగతి పిల్లవాడికి కూడా తెలిసిన పీడన సూత్రం ఇక్కడ పనిచేస్తుంది: బలం అదే ఉండి, అది పడే వైశాల్యం పదో వంతుకు తగ్గితే పీడనం పది రెట్లవుతుంది. మనిషి తల వెంట్రుక మందం సుమారు 50 నుండి 100 మైక్రాన్లు; మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాను. కొత్త క్షౌరపు బ్లేడు అంచు మందం ఒక మైక్రాను లోపే ఉంటుంది. ఇంత సన్నని గీత మన కంటికి ఆనదు. మన కంటికి కనిపించి మురిపించేది వాలు మాత్రమే. పొరపాటు ఇక్కడే మొదలవుతుంది.

అయితే వాలుకు పెట్టిన మెరుగుతో అంచుకు ఏ సంబంధమూ లేదా? ఉన్నది. రాయిలోని ప్రతి రేణువూ ఉక్కు మీద ఒక చాలు దున్నుతుంది. 120 నంబరు గరుకు రాయిలో రేణువులు 100 మైక్రాన్లకు పైబడి ఉంటాయి. 1000 నంబరు రాయిలో సుమారు 15 మైక్రాన్లు. 8000 నంబరు రాయిలో రెండు మైక్రాన్లు లేదా అంతకన్నా తక్కువ. ఈ చాళ్ళు వాలు పొడవునా సాగి అంచు దగ్గర తెగిపోతాయి. చాలు తెగిన చోటల్లా అంచులో ఒక నొక్కు పడుతుంది. లోతైన చాళ్ళుంటే అంచు రంపం వలె ఉంటుంది. సన్నని రాళ్ళ మీద వరుసగా నూరి చాళ్ళను పలుచన చేస్తే, అంచు గీత కూడా నునుపు తేలుతుంది. కావున మెరుగు అంచు వరకు చేరితే పదును మీద ప్రభావం నిశ్చయంగా ఉంటుంది. వాలు నడుమ భాగానికే మెరుగు పెట్టి అంచును తాకకుండా వదిలితే కత్తి అందగిస్తుంది, రాపిడి ఏ కొంచెమో తగ్గుతుంది, అంతే.

మూడవ సంగతి మరింత ముఖ్యమైనది. మెరుగు కోసం కత్తిని మెత్తని గుడ్డ చక్రానికి ఒత్తి పట్టినప్పుడు గుడ్డ అంచు మీదుగా ఒంగి అవతలికి జారుతుంది. అట్లా జారిన ప్రతిసారీ అంచును గుండ్రంగా అరగదీస్తుంది. వాలు అద్దంలా ఉంటుంది, కత్తి మాత్రం టమాటా మీద జారిపోతుంది. మెరుపు చూసి డబ్బులిచ్చేవారికి ఈ సంగతి తెలియదు. సాన పట్టేవారిని తప్పుపట్టి లాభం లేదు. అడిగినవారికి అడిగినది చేసి ఇస్తున్నారు.

అంచును పరీక్షించే సులభమైన పద్ధతి ఒకటి ఉన్నది. కత్తిని అంచు పైకి ఉండేట్లు దీపం కింద పట్టుకొని మెల్లగా అటూ ఇటూ వంచి చూడండి. అంచు వెంట సన్నని తెల్లని గీత గాని చుక్కలు గాని మెరిస్తే అక్కడ కత్తి మొద్దుబారినట్లు. వెలుగును తిప్పి పంపేంత వెడల్పు అక్కడ ఏర్పడిందన్న మాట. పదునైన అంచు వెలుగులో కనిపించదు. వాలు ఎంతైనా మెరవవచ్చు, అంచు మెరవకూడదు.

అమెరికాలోని అయోవా రాష్ట్ర విశ్వవిద్యాలయ విశ్రాంత ఆచార్యులు జాన్ వెర్హోవెన్ కత్తులను రకరకాల రాళ్ళ మీద నూరి, అంచులను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో ఫొటోలు తీసి, 2004లో ఆ ఫలితాలను వెల్లడించారు. వట్టి తోలు పట్టీ మీద రుద్దడం వల్ల పెద్ద మార్పు రాలేదని, క్రోమియం ఆక్సైడు ముద్ద పూసిన తోలు మీద రుద్దినప్పుడు అంచు బాగుపడిందని ఆయన చూపారు. ఆ బాగుకు కారణం మెరుపు మాత్రమే కాదు. నూరేటప్పుడు అంచు దగ్గర సన్నని ఇనుప పొర ఒకటి అవతలి వైపుకు ఒరిగి లేస్తుంది. ఆ పొర ఉన్నంతసేపు కత్తి పదునుగా ఉన్నట్లే తోస్తుంది, నాలుగు ఉల్లిపాయలు కోయగానే మడతపడి మొద్దవుతుంది. సన్నని మెరుగు ఆ పొరను తీసివేస్తుంది. పదును వారం తిరగకుండానే పోయే కత్తుల్లో చాలావాటి రోగం ఇదే.

ఇక ఏ పనికి ఎంత నునుపు కావాలన్నది ఆలోచించవలసిన విషయం. ఒత్తి కోసే పనికి నునుపైన అంచు, లాగి కోసే పనికి కొంచెం గరుకు అంచు అనువైనవి. మంగలి కత్తికి నునుపు తప్పనిసరి. శ్రీనివాసపురం, కృష్ణగిరి ప్రాంతాల మామిడి తోటల్లో అంటు కట్టేవారి కత్తికీ అంతే: కోత నున్నగా ఉంటేనే కొమ్మ, మొక్క సందు లేకుండా అతుక్కుంటాయి. అందుకే ఆ కత్తికి ఒకవైపే వాలు పెట్టి, రెండవ వైపు చదునుగా ఉంచుతారు. టమాటా సంగతి వేరు. దాని తోలు గట్టిది, లోపల మెత్తన. అంచులో సన్నని పళ్ళుంటేనే తోలును పట్టుకుంటుంది. 1000 నంబరు రాయితో ఆపిన కత్తి ఇక్కడ చక్కగా పనిచేస్తుంది. తాళ్ళు, గోనె సంచులు కోసే కత్తికి ఇంకా గరుకైనా పరవాలేదు. వరి కోసే కక్కు కొడవలి ఇందుకు పరాకాష్ఠ. కమ్మరి దానికి ఉలితో పళ్ళు కొడతాడు, పళ్ళు అరిగితే మరల కక్కు పెడతాడు. దానిని అద్దంలా మెరిపించాలని ఏ రైతూ కోరడు. ఆ తెలివి కొడవలి దగ్గర ఉండి వంటింటి కత్తి దగ్గర లేకపోవడం ఆశ్చర్యమే.

ఇంట్లో నూరుకోదలచినవారికి రెండు ముఖాల రాయి ఒకటి చాలు. రాయిని నీటితో తడిపి, తడిగుడ్డ మీద కదలకుండా ఉంచాలి. కత్తిని రాయికి సుమారు 15 నుండి 20 డిగ్రీల వాలులో పట్టుకొని, గరుకు ముఖం మీద ఒకే వైపు నూరుతూ పోవాలి. అవతలి వైపు అంచు పొడవునా ఇనుప పొర లేచిందాకా ఆపకూడదు. బొటనవేలిని కత్తి వెన్ను నుండి అంచు వైపుకు మెల్లగా జరిపితే ఆ పొర గరుకుగా తగులుతుంది. అంచు వెంట నిలువునా మాత్రం ఎన్నడూ వేలు జరపరాదు. తర్వాత రెండవ వైపు అట్లే చేసి, సన్నని ముఖం మీద ఒక్కొక్క వైపు ఒక్కొక్క దెబ్బ చొప్పున, బలం తగ్గించుకుంటూ నూరాలి. చివరకు ముద్ద పూసిన తోలు పట్టీ మీద ఐదారు సార్లు వెనక్కి, అంటే వెన్ను ముందుండేట్లు, లాగితే చాలు. ఈ చివరి మెట్టులో కత్తిని పైకి లేపితే గుడ్డ చక్రం చేసే హానే తోలు కూడా చేస్తుంది.

కత్తిపీట రేకు బల్లకు బిగించి ఉంటుంది గనుక రాయినే దాని దగ్గరికి తేవాలి. కన్నడిగుల ఈళిగె మణె, తమిళుల అరివాళ్మనై, మరాఠీవారి విళీ, ఒడియావారి పనికి అన్నీ ఈ కోవలోనివే. రేకు వంపును అనుసరించి చిన్న రాయి ముక్కను పై నుండి కిందికి జరుపుతూ నూరాలి. పీటను మరొకరు కదలకుండా పట్టుకుంటే మంచిది. దీనికి అద్దపు మెరుగు పెట్టి ప్రయోజనం లేదు. గోంగూర, తోటకూర కట్టలు దాని మీద జారకుండా ఉండాలంటే కొంత గరుకు ఉండవలసిందే.

యంత్రపు చక్రం మీద సాన పట్టించేటప్పుడు రంగును గమనించండి. అంచు నీలి రంగుకు తిరిగితే అక్కడ వేడి సుమారు 300 డిగ్రీల సెంటిగ్రేడుకు చేరినట్లు. కమ్మరి నీరు పెట్టి తెచ్చిన గట్టిదనం ఆ మేరకు పోతుంది. ఆ భాగం ఎంత మెరిసినా పదును పట్టి నిలవదు, దానిని నూరి తీసివేయవలసిందే. చక్రం మీద పెట్టిన ప్రతిసారీ కత్తిని నీళ్ళలో ముంచమని అడగడానికి మొహమాటపడనక్కరలేదు. మెరుగు వల్ల ఒక ఉపకారం మాత్రం ఒప్పుకోవాలి: నునుపైన ఉక్కు మీద తేమ నిలిచే చాళ్ళు తక్కువ గనుక తుప్పు నిదానంగా పడుతుంది. చింతపండు, నిమ్మకాయ తగిలిన ఇనుప కత్తిని వెంటనే కడిగి, తుడిచి, రెండు చుక్కల కొబ్బరినూనె రాసి ఉంచితే మెరుగు లేని కత్తికీ ఆ రక్షణ దొరుకుతుంది.