పేరు, లెక్కలు, పోటీ: ఈసీఐఎల్ టీవీ చరిత్రను అంచనా వేయడం

3.1 విషయ పరిచయం

మీరు మెదక్ పట్టణంలోగానీ చుట్టుపక్కల గ్రామాల్లోగానీ ఉంటే, డెబ్బై ఏళ్లు దాటిన పెద్దలను ఒక ప్రశ్న అడగండి: మీరు మొదటిసారి టీవీ ఎక్కడ చూశారు? కొందరు 'ఊరందరి టీవీ' అనవచ్చు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు 'సైట్' అనే ఉపగ్రహ బోధనా ప్రయోగం జరిగింది. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. వాటిలో నాటి మెదక్ జిల్లా గ్రామాలు కూడా ఉన్నాయి. ఆ సామూహిక టీవీ సెట్లను హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ తయారు చేసింది.

అణుశక్తి శాఖ కింద 1967లో డాక్టర్ ఎ.ఎస్.రావు నాయకత్వంలో మొదలైన ఈ సంస్థ, తర్వాత ఇళ్లకు కూడా 'ఈసీ టీవీ' అమ్మింది. ఇప్పుడు ఆ టీవీ దుకాణాల్లో లేదు. 'ప్రభుత్వ సంస్థ కాబట్టి ఓడిపోయింది' అనేది సులువైన సమాధానం. అది ఎంతవరకు నిజమో మూడు ఆధారాలతో పరిశీలిద్దాం.

3.2 వ్యాపార చిహ్నం

వ్యాపార చిహ్నం, అంటే ట్రేడ్‌మార్క్, కొనేవారి నమ్మకానికి గుర్తు. 1958 చట్టం ప్రకారం నమోదు 7 సంవత్సరాలు చెల్లేది. 1999 చట్టం దాన్ని 10 సంవత్సరాలు చేసింది. రెండింటిలోనూ గడువు ముగిశాక పునరుద్ధరించుకోవచ్చు. అయితే నమోదు పత్రం పేరు ఎవరిదో చెబుతుందే కాని, సరుకు అమ్ముడవుతోందో లేదో చెప్పదు. చిహ్నం ఎంత పేరు పొందినా, దాన్ని ఒక్క ఆధారంగానే చూడాలి.

3.3 ఆర్థిక స్థితి

ప్రభుత్వ కంపెనీల వార్షిక నివేదికలు పార్లమెంటు ముందుకు వస్తాయి. కాగ్ పరిశీలన కూడా ఉంటుంది. వీటిని చదివేటప్పుడు మొత్తం లాభనష్టాల దగ్గరే ఆగకండి. అణు విద్యుత్ కేంద్రాల పరికరాలు, గృహ టీవీలు ఒకే సంస్థ తయారు చేసినప్పుడు, ఒక విభాగం లాభం మరో విభాగం నష్టాన్ని కప్పివేయవచ్చు. అమ్మకాలు పెరిగినా, రావలసిన బాకీలు, గోదాములో మిగిలిన సరుకు పెరుగుతుంటే చేతిలో డబ్బు ఉండదు.

3.4 పోటీదారులు

1982లో ఢిల్లీ ఆసియా క్రీడల సందర్భంగా రంగుల ప్రసారాలు మొదలయ్యాయి. విడిభాగాల కిట్లు దిగుమతి చేసుకుని బిగించి అమ్మే అవకాశం వచ్చింది. అంతవరకు ప్రయోగశాలలో సంపాదించిన నైపుణ్యమే ఈసీఐఎల్ బలం. కిట్ దొరికాక ఆ బలం విలువ తగ్గింది. ప్రకటనలు, డీలర్లు, కొత్త మోడళ్లు ముఖ్యమయ్యాయి. ఒనిడా కొమ్ముల దెయ్యం ప్రకటన గుర్తుందా? బీపీఎల్, వీడియోకాన్ కూడా ఇదే కాలంలో ఇళ్లకు చేరాయి. 1991 సంస్కరణల తర్వాత శామ్‌సంగ్, ఎల్‌జీ వచ్చి పోటీని మరింత పెంచాయి.

3.5 అంచనా

ఈసీఐఎల్ గృహ టీవీ మార్కెట్టును కోల్పోయింది; సంస్థ మాత్రం నిలిచింది. 1979లోనే ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రం నమూనాను రూపొందించిన ఈ సంస్థకు ప్రభుత్వమే పెద్ద కొనుగోలుదారు. కాబట్టి 'ఓడిపోయింది' అన్నది సగం నిజమే. ఒక వస్తువు చరిత్రను మొత్తం సంస్థ చరిత్రగా భావించడం మనం తరచు చేసే పొరపాటు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. రంగుల టీవీ కిట్ల దిగుమతి ఈసీఐఎల్ బలాన్ని ఎలా తగ్గించింది?
2. మీ ఊళ్లో మూతపడిన ఒక వ్యాపారాన్ని ఎంచుకుని, పేరు, లెక్కలు, పోటీ అనే మూడు ఆధారాలతో ఒక పేజీ రాయండి.