పార్కిన్సన్స్ జబ్బు: వణుకు వెనక దిగులు

నాన్నగారు మా దగ్గర ఆర్నెల్లు ఉండి వెళ్దామని వచ్చారు. ఆయనకి పార్కిన్సన్స్ ఉందని మాకు ముందే తెలుసు. చెయ్యి వణుకు మందులతో అదుపులోనే ఉంది. అయినా పేపరు చదవడం మానేశారు, మనవడితో చదరంగం మానేశారు, స్నానానికి లేవమంటే "తర్వాత చూద్దాంలే" అనేవారు. ఊరి మీద బెంగ, పైగా వయసు అని సరిపెట్టుకున్నాం. అది డిప్రెషన్ అని తెలియడానికి నాలుగు నెలలు పట్టింది. నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని, డాక్టర్ని కాను. చదివి, డాక్టర్లని అడిగి తెలుసుకున్న విషయాలు మీతో పంచుకుంటున్నాను.

అసలు జబ్బేమిటి?

ఈ జబ్బుని 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ వివరంగా రాశారు. మెదడులో డోపమీన్ తయారుచేసే కణాలు క్రమంగా నశించడం వల్ల వణుకు, కండరాల బిగుతు, కదలికల్లో నిదానం వస్తాయి. అమెరికాలో దాదాపు 11 లక్షల మందికి ఈ జబ్బు ఉందనీ, ఏటా సుమారు 90,000 మందికి కొత్తగా బయటపడుతోందనీ పార్కిన్సన్స్ ఫౌండేషన్ అంచనా.

దిగులు ఎందుకు?

డోపమీన్‌తో పాటు మనసుని నిలకడగా ఉంచే సెరొటోనిన్, నార్‌ఎపినెఫ్రిన్ కూడా తగ్గుతాయి. అంటే డిప్రెషన్ "జబ్బు వచ్చిందే" అన్న బాధ మాత్రమే కాదు, జబ్బులో ఒక భాగం. కొందరిలో వణుకు కంటే ఏళ్ళ ముందే మొదలవుతుంది. రోగుల్లో సగం మందికి ఏదో ఒక దశలో ఇది వస్తుందని అంచనా. ఆ ఫౌండేషన్ 2009లో మొదలుపెట్టిన పెద్ద అధ్యయనంలో, రోగుల ఆరోగ్యాన్ని వణుకు, బిగుతుల కంటే దిగులు, ఆందోళనలే ఎక్కువ దెబ్బ తీస్తున్నాయని తేలింది.

గుర్తుపట్టడం ఎలా?

ఇక్కడే చిక్కు. ముఖంలో భావాలు కనపడకపోవడం, నిదానం, నిద్ర లేమి రెండింటిలోనూ ఉంటాయి. కాబట్టి ముఖం చూసి తేల్చకండి. ఇష్టమైన పనుల మీద ఆసక్తి పోయిందా, "నేను మీకు బరువు" అంటున్నారా, రెండు వారాలకి మించి ఇలాగే ఉన్నారా, గమనించండి. మందు ప్రభావం తగ్గే వేళల్లో మాత్రమే దిగులు వస్తుంటే ఆ టైములు రాసి డాక్టరుకి చూపించండి. మోతాదు సర్దితే తగ్గవచ్చు. లీవోడోపా వేసుకోగానే పప్పు, పెరుగు వంటి మాంసకృత్తులు తింటే కొందరికి మందు సరిగా పనిచేయదు. అందుకే భోజనానికి అరగంట నుంచి గంట ముందు వేసుకోమంటారు.

వైద్యం ఉంది

పారాక్సిటీన్, వెన్లాఫాక్సిన్ ఈ రోగుల్లో డిప్రెషన్ తగ్గిస్తాయని 2012లో అమెరికాలో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. ఆలోచనల తీరుని మార్చే కౌన్సెలింగ్ కూడా మేలు చేస్తుందని 2011లో తేలింది. రెండు జాగ్రత్తలు: సెలిజిలిన్, రాసాజిలిన్ వాడేవారికి ఈ మందులతో ప్రమాదం ఉండొచ్చు కనుక వాడేవన్నీ డాక్టరుకి చెప్పాలి. మన దూలగొండి గింజల్లోనూ లీవోడోపా ఉంటుంది. ఇంటి మందే కదా అని దాచకండి.

ఇక్కడ ఉన్నవాళ్ళు చేయగలిగింది

మా డాక్టరు ఇంగ్లీషులో అడిగితే నాన్నగారు "ఐ యామ్ ఫైన్" అన్నారు. నేను తెలుగులో అడిగినా అదే జవాబు. కొడుకు ముందు ఏ తండ్రి చెప్తాడు? ఫెడరల్ నిధులు తీసుకునే ఆసుపత్రులు దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాలి. ముందే తెలుగు దుబాసీ కావాలని అడిగి, మీరు కాసేపు గది బయట ఉండండి. మాకు తలుపు తెరుచుకున్నది అప్పుడే.

మెడికేర్ ఉన్నవారికి ఏటా ఒకసారి డిప్రెషన్ పరీక్ష ఉచితం. విజిటర్ ఇన్సూరెన్సు సాధారణంగా పాత జబ్బులకి డబ్బివ్వదు కనుక, పెద్దవాళ్ళు బయల్దేరే ముందే అక్కడి న్యూరాలజిస్టుని మనసు సంగతి కూడా అడగమనండి. పార్కిన్సన్స్ ఫౌండేషన్ హెల్ప్‌లైన్ 1-800-473-4636. ప్రాణం మీద విరక్తి మాటలు వినపడితే ఆలస్యం చేయకుండా 988కి ఫోన్ చేయండి.

నాన్నగారు ఇప్పుడు ఊళ్ళోనే ఉన్నారు. వణుకు అలాగే ఉంది. ఆదివారం ఫోన్లో మనవడితో చదరంగం ఆడుతున్నారు. ఈ వారాంతం మీ వాళ్ళకి ఫోన్ చేసినప్పుడు "చెయ్యి ఎలా ఉంది?" తో ఆపకండి. "మనసు ఎలా ఉంది?" అని కూడా అడగండి.