చీటీపైని పేరు

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ మన చిత్రపరిశ్రమకు నెలవులని శ్రోతలెరుగుదురు. మానసిక వైద్యశాల గల ఎర్రగడ్డయు జూబ్లీహిల్స్ శాసనసభా నియోజకవర్గములోనిదే. ఆ వైద్యశాల 1953లో జాల్నానుండి అచ్చటికి తరలివచ్చినది. పిమ్మట సినిమా హాస్యములో "ఎర్రగడ్డ" యనగానే నవ్వు పుట్టుట పరిపాటి యయినది. ఊరి పేరే మనిషికంటించు చీటీగా మారినది.

వ్యాధికి పేరు పెట్టుట వ్యర్థమని మేమనము. 19వ శతాబ్దాంతమున జర్మను వైద్యుడు ఎమిల్ క్రెపెలిన్ మనోవ్యాధులను, వాటి లక్షణములను, కాలక్రమమున అవి నడచు తీరును బట్టి వర్గీకరించెను. వేర్వేరు దేశముల వైద్యులు ఒక మాటను ఒకే అర్థమున వాడుటకు ఇట్టి వర్గీకరణములు తోడ్పడినవి. కాని ఆ పేరు రోగి బ్రతుకునంతటిని మ్రింగివేసినచో?

ఈ ప్రశ్న తెలుగునాటినుండియే సుప్రీంకోర్టు కెక్కినది. భార్యకు స్కిజోఫ్రీనియా యున్నదని ఆంధ్రప్రదేశ్‌లో ఒక భర్త విడాకులు కోరెను. క్రింది కోర్టు మంజూరు చేసినది. హైకోర్టు దానిని రద్దుపరచినది. 2013లో సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పునే ఖాయపరచినది. జబ్బు పేరొక్కటే చాలదు, కాపురము సాగనీయనంత తీవ్రత యున్నదా యని చూడవలెనని 1988లో తాను చెప్పిన సూత్రమునే అనుసరించినది. ఆమె చదువును, ఉద్యోగమును గూడ లెక్కలోనికి తీసికొన్నది.

మానసచికిత్సలోను ఇట్టి మార్గము కలదు. నిద్రపట్టని జూనియర్ ఆర్టిస్టు నొకనిని ఊహింతము. పని దొరకని నెలలు, ఇంటి అద్దె, తల్లిదండ్రులకు చెప్పలేని అప్పు: "ఆందోళన వ్యాధి" యను పేరులో ఇవేవియు కానరావు. కష్టమెప్పుడు మొదలయినది, దేనివలన పెరుగుచున్నది, ఆదుకొనువారెవరు అని విచారించి, చికిత్సకుడు అతనితో కలిసియే ఒక వివరణ కూర్చును; కొత్త సంగతి తెలిసినపుడెల్ల దానిని దిద్దును. 2018లో బ్రిటనులోని కొందరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు, జబ్బేమిటని గాక ఆ మనిషికేమి జరిగినదని మొదట అడుగవలెనని ఒక పద్ధతిని ప్రకటించిరి. సకల వ్యాధులకు స్థిరమైన పేర్లుండవు గనుక, పేరు తెలియని వైద్యుడు సిగ్గుపడనక్కరలేదని మన చరకసంహిత ఏనాడో చెప్పినది.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, వ్యాధి నిర్ణయము అంగీకృత వైద్య ప్రమాణములనుబట్టియే జరుగవలెనన్నది. అయితే సంఘాచారమునకు లోబడకుండుట వ్యాధికి ఆధారము కారాదనియు, పూర్వము ఆసుపత్రిలో నుండుట ఒక్కటే నేటి నిర్ణయమునకు చాలదనియు గూడ శాసించినది.

చట్టము తన పని చేసినది. ఇక మన ఇండ్ల వంతు. ఎర్రగడ్డకు పోయివచ్చినవారికి ఇల్లు అద్దెకిచ్చునపుడు, పని చూపునపుడు, సంబంధము మాటలాడునపుడు మనము చూడవలసినది చీటీని కాదు, నేటి మనిషిని.