తెప్ప ఎందుకంత దూరం పోయింది?

కరీంనగర్ వాడివి, సముద్రపు వేట గురించి నీకేం తెలుసు అని ఎవరైనా అడిగితే నా దగ్గర రెండు జవాబులున్నాయి. ఒకటి, మా గోదారి నీళ్ళు చివరికి పోయి కలిసేది అక్కడే. రెండోది కాస్త చరిత్ర. మా పాత జిల్లాలో, వెల్గటూరు దగ్గర గోదావరి ఒడ్డున కోటిలింగాల అనే ఊరుంది. తొలి శాతవాహన రాజు సిముకుడి నాణేలు దొరికింది అక్కడే. ఆ వంశంలో తర్వాతి రాజులు తీరాంధ్రను ఏలినప్పుడు రెండు తెరచాప కొయ్యలున్న ఓడ బొమ్మతో నాణేలు వేయించారు. అంటే సముద్రంతో మాకు మరీ అంత చుట్టరికం లేకపోలేదు.

అయితే ఆ నాణెం మీదికి ఓడ ఎక్కింది గానీ తెప్ప ఎక్కలేదు. వర్తకుడి ఓడకు నాణెం, శాసనం, మ్యూజియం అన్నీ దొరికాయి. నాలుగు దుంగలు కట్టుకుని తెల్లారకముందే అలలు దాటిపోయినవాడికి ఏమీ దొరకలేదు. ఈ టపా ఆ రెండోవాడి గురించి.

తెప్ప అనే మాట మావైపూ ఉంది. మానేరు డ్యాంలో థర్మాకోల్ తెప్ప మీద కూర్చుని వలలేసే గంగపుత్రుల్ని కరీంనగర్ వాళ్ళంతా చూసే ఉంటారు. విశాఖ, శ్రీకాకుళం వైపు తెప్ప వేరు. తేలిక కర్ర దుంగల్ని పక్కపక్కన చేర్చి బిగిస్తారు. దానికి లోపల అంటూ ఏమీ ఉండదు. అల మీద పడితే నీళ్ళు దుంగల సందుల్లోంచి దిగిపోతాయి, కాబట్టి మునగదు. హార్బరు అక్కర్లేదు, ఏ ఇసుక ఒడ్డునైనా దింపొచ్చు. 1697లో అచ్చయిన విలియం డాంపియర్ ప్రయాణాల పుస్తకంలోనే కోరమాండల్ తీరపు తెప్పల ప్రస్తావన ఉంది. మద్రాసు మత్స్యశాఖలో పనిచేసిన జేమ్స్ హార్నెల్ 1920లో మన దేశపు పడవల నిర్మాణం మీద రాసినప్పుడు వీటినీ పట్టించుకున్నాడు. తెల్లవాళ్ళకు తెప్ప వింతగా కనిపించింది. మనవాళ్ళకు రోజూ కనిపించేదే కదా, అందుకే ఎవరూ రాయలేదు.

ఇంజను లేని తెప్ప ఎంత దూరం పోతుంది అనేది గాలి నిర్ణయించేది. రాత్రి నేల మీంచి సముద్రం వైపు వీచే గాలితో పోవడం, మధ్యాహ్నం సముద్రం మీంచి వీచే గాలితో రావడం. చోటు గుర్తు పెట్టుకోవడానికి ఒడ్డున ఉన్న ఒక కొండనీ ఒక గుడినో చెట్టునో ఒకే వరసలోకి తెచ్చుకుంటారు, ఇంకో పక్క ఇంకో జత. రెండు గీతలు కలిసిన చోట వల వేస్తారు. మనం జీపీఎస్ వచ్చాక మర్చిపోయిన జామెట్రీ ఇదే. ఒకటే షరతు, కొండ కనిపించాలి. తెప్ప మీద ఐసు పెట్టుకోవడానికి చోటుండదు కనుక పట్టిన చేప పాడవకముందే ఒడ్డుకు చేరాలి. అంటే గాలి, కొండ, చేప మూడూ కలిసి "ఇక చాలు, వెనక్కి పద" అని చెప్పేవి.

మరి ఆ హద్దు ఎలా చెరిగిపోయింది? మనిషికి ఆశ పెరిగింది అనేస్తే సరిపోదు. ముందు మారింది ఒడ్డు దగ్గరి సముద్రం. ఎగుమతి రొయ్య కోసం ట్రాలర్లు వచ్చాయి. విశాఖ నుంచి రోజుల తరబడి సముద్రంలోనే ఉండే సోనా బోట్లు వచ్చాయి. అడుగు గీరుకుంటూ పోయే వల రొయ్యతో పాటు ఎదగని పిల్లచేపనీ తెస్తుంది. 1994లో రాష్ట్రం చట్టం చేసింది: ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల దాకా సంప్రదాయ పడవలకే, మరబోట్లు ఆ బయటే వేటాడాలి. కాగితం మీద మంచి గీతే. కానీ నీళ్ళ మీద గీత కనపడదు, రాత్రిపూట అసలే కనపడదు.

అదే కాలంలో తెప్ప కూడా మారింది. 1979లో మద్రాసు కేంద్రంగా ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ మొదలుపెట్టిన బంగాళాఖాత కార్యక్రమం కింద నేరుగా ఒడ్డుకు దిగే కొత్తరకం పడవల మీద ప్రయోగాలు జరిగాయి. బయట బిగించే ఇంజన్లు, తర్వాత ఫైబర్ బోట్లు, వాటిలో ఐసు పెట్టె. 2004 సునామీ తర్వాత సాయం కింద ఫైబర్ బోట్లు ఇంకా ఎక్కువయ్యాయి. గాలితో పనిలేదు, కొండతో పనిలేదు, చేప పాడవదు. వెనక్కి పొమ్మనే మూడు గొంతులూ ఆగిపోయాయి. ఇప్పుడు వెనక్కి పిలిచేది డీజిల్ లెక్క ఒక్కటే. అది ఒక్కోసారి ఉల్టా పిలుస్తుంది: ఇంత ఖర్చయ్యింది కదా, ఇంకాస్త ముందుకు పో అని.

ఉత్తరాంధ్రలో లోతు సముద్రం మరీ దూరమేమీ కాదు. విశాఖ దగ్గర సుమారు 40 కిలోమీటర్లు పోతే సముద్రపు అడుగు ఒక్కసారిగా జారిపోతుంది. సూర చేపలు తిరిగేది అక్కడే, అంటే మనం ట్యూనా అనేవి. పూడిమడక వాళ్ళు చిన్న ఫైబర్ బోట్లలో పోయి వాటిని గాలంతో పడతారు. అదే నీళ్ళలో కొమ్ముకోనం కూడా తిరుగుతుంది. 2025 జూలైలో అక్కడి మత్స్యకారుడొకర్ని గాలానికి పడ్డ కొమ్ముకోనం నీళ్ళలోకి లాక్కుపోయింది. సినిమాలో అయితే అది సాహసం. ఆ ఇంట్లో మాత్రం సంపాదించే మనిషి పోవడం.

తుఫాన్ల సంగతి చెప్పనక్కర్లేదు. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడ దిగువన తీరం దాటిన తుఫానులో వెయ్యిమందికి పైగా పోయారు. అందులో చాలామంది ఇళ్ళలో కాదు, సముద్రం మీద బోట్లలో ఉన్నవాళ్ళు. భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి ఊళ్ళను ఆ రాత్రి ఖాళీ చేసినంత పని చేసింది.

ఇక పడవ కాకుండా మనిషే దూరం పోవడం ఇంకో కథ. శ్రీకాకుళం జిల్లాకు సుమారు 193 కిలోమీటర్ల తీరం ఉంది, కానీ దశాబ్దాలపాటు చెప్పుకోదగ్గ ఫిషింగ్ హార్బరు లేదు. అందుకని అక్కడివాళ్ళు దేశం ఈ చివర నుంచి ఆ చివరకు, గుజరాత్ వెరావల్ దాకా వెళ్ళి వేరేవాళ్ళ బోట్ల మీద కూలికి చేస్తారు. 2018 నవంబరులో అలా వెళ్ళి పాకిస్తాన్ వాళ్ళకు చిక్కినవారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా మీదుగా తిరిగొచ్చారు. "తండేల్" సినిమా పుణ్యమా అని 2025లో ఈ సంగతి అందరికీ తెలిసింది. నాకు మాత్రం ఇది చదివినప్పుడల్లా మా జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ పల్లెలే గుర్తొస్తాయి. మావాళ్ళు దుబాయ్, మస్కట్ పోయింది ఎడారి మీద మోజుతో కాదు. బోరు ఎండి, అప్పు మిగిలి. దూరం పోయేవాణ్ణి మొనగాడు అనడం తేలిక. దగ్గర ఎందుకు దొరకలేదు అని అడగడమే కష్టం.

ఇప్పుడు మన ఐటీ వాళ్ళకు సంబంధించిన ముక్క. చేప ఎక్కడుందో చెప్పే సంస్థ ఏ తీరంలోనూ లేదు, హైదరాబాదులో, కూకట్‌పల్లి దాటాక ప్రగతినగర్‌లో ఉంది. పేరు ఇన్‌కాయిస్, 1999లో పెట్టారు. ఉపగ్రహాలు పంపే సముద్రపు ఉపరితల ఉష్ణోగ్రత, నీటి పచ్చదనం చూసి చేపలు గుమికూడే చోట్లు అంచనా వేస్తారు. సునామీ హెచ్చరికలు ఇచ్చేదీ వాళ్ళే. మొబైల్ సిగ్నల్ ఒడ్డు నుంచి పది పన్నెండు కిలోమీటర్ల దాకానే అందుతుంది కాబట్టి, ఆ అవతల ఉపగ్రహం నుంచి సందేశాలు అందుకునే జెమిని పరికరం 2019లో తెచ్చారు. 2024 ఆగస్టులో లక్ష పడవలకు ట్రాన్స్‌పాండర్లు అమర్చే పథకం మొదలైంది. మంచి పనులే, ఇంజనీరుగా గర్వపడతాను కూడా.

కానీ ఒక్కటి గమనించండి. చేప ఎక్కడుందో చెప్పే సమాచారం పెద్ద బోటుకీ చిన్న బోటుకీ ఒకేలా అందుతుంది. దాన్ని వాడుకునే శక్తి మాత్రం ఒకేలా ఉండదు. అరవై కిలోమీటర్ల అవతల చేపుందని తెలిస్తే పెద్ద బోటు పోయొస్తుంది. చిన్న బోటు కూడా పోతుంది, తిరిగి రావడం గంగమ్మ దయ. డేటా సమానంగా పంచితే న్యాయం జరిగిపోయిందని మన వృత్తిలో చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను.

2025 నవంబరులో కేంద్రం కొత్త నియమాలు తెచ్చింది. ఒడ్డు నుంచి 200 నాటికల్ మైళ్ళ దాకా, అంటే సుమారు 370 కిలోమీటర్ల దాకా మనకు హక్కున్న సముద్రంలో లోతు వేటకు సహకార సంఘాలకు ప్రాధాన్యం ఇస్తామన్నారు. అనుమతులు ఆన్‌లైన్ పోర్టల్లో. 1990లలో విదేశీ ఓడలకు తలుపులు తెరిచి, దేశమంతా మత్స్యకారులు సమ్మెలు చేశాక, మురారి కమిటీ వద్దన్నాక వెనక్కి తగ్గిన చరిత్ర మనకుంది. దాంతో పోలిస్తే ఇది మెరుగే.

నా అభిప్రాయం మాత్రం ఇది. చిన్న పడవ దూరం పోవడానికి సాయం చేసే పథకానికి ఎంత ఖర్చుపెడతారో, 8 కిలోమీటర్ల గీతను నిజంగా కాపాడటానికీ అంత ఖర్చుపెట్టాలి. ట్రాన్స్‌పాండర్ ఎలాగూ ఉంటుంది కదా, చిన్నవాడు తప్పిపోయినప్పుడు వెతకడానికే కాదు, పెద్దవాడు గీత దాటినప్పుడు పట్టుకోవడానికీ దాన్ని వాడొచ్చు. సాంకేతికంగా రెండూ ఒకటే క్వెరీ. ఏది ముందు రన్ చేస్తారన్నదే అసలు ప్రశ్న.