వైద్య గ్రంథాలయంలో మన వారి చరిత్ర

మన వారి చరిత్ర ఎక్కడ దొరుకుతుందని అడిగితే పెద్దలు సాధారణంగా మూడు చోట్లు చెబుతారు: ఓడల పట్టికలు, గుళ్లలోని శిలాఫలకాలు, ఇళ్లలో దాచుకున్న పాత ఫొటోలు. నాలుగవ చోటు ఒకటి ఉన్నది. అది డర్బన్ నగరంలో, అంబిలో రోడ్డు మీది కింగ్ ఎడ్వర్డ్ ఆసుపత్రి పక్కన ఉన్న వైద్య కళాశాల గ్రంథాలయం. అక్కడ బైండు చేసి పెట్టిన వైద్య పత్రికలలో మన తాతలు, తండ్రులు ఉన్నారు. పేర్లతో కాదు, అంకెలతో ఉన్నారు. వారి రక్తంలో చక్కెర ఎంత, రక్తపోటు ఎంత, ఏ వయసులో జబ్బు పట్టింది అన్న సంగతులు డాక్టర్లు వ్రాసి పెట్టారు. ఆ పుటలు ప్రపంచంలో ఎందరో చదివారు. మన ఇళ్లలో చదివిన వారు మాత్రం బహు తక్కువ. అందువల్ల ఈ సంచికలో ఆ గ్రంథాలయం గురించి, అటువంటి గ్రంథాలయాలు చేసే పని గురించి నాలుగు మాటలు చెప్పదలచాము.

1860 నవంబరు 16న ‘ట్రూరో’ ఓడ మద్రాసు నుండి డర్బన్ రేవుకు వచ్చింది. 1911 వరకు సాగిన ఆ గిర్మిటు ప్రయాణాలలో 1,52,184 మంది నేటాలుకు వచ్చారని లెక్క. వారిలో మన తెలుగు వారు కూడా ఉన్నారు. చెరకు నరకడానికి వచ్చారు. ఆ కథ అందరికీ తెలిసినదే. చెరకు తోటల నుండి డాక్టరు చదువు దాకా మన వారు ఎలా నడిచారన్నది అంతగా చెప్పుకోని కథ.

మొదట్లో ఈ దేశంలో మన పిల్లలకు డాక్టరు చదువు దాదాపు అందని పండు. డబ్బున్న వారు ఎడింబరోకో, డబ్లిన్‌కో, ఇండియాకో పంపేవారు. డాక్టర్ గూనం గారు ఎడింబరోలో చదివి 1936లో డర్బన్‌కు తిరిగి వచ్చి, ఈ దేశంలో మొదటి భారతీయ మహిళా డాక్టరుగా పేరు పొందారు. జొహానెస్‌బర్గ్, కేప్‌టౌన్ విశ్వవిద్యాలయాలు తెల్లవారు కాని విద్యార్థులను కొద్దిమందినే చేర్చుకునేవి. చేర్చుకున్నా తెల్ల రోగులున్న వార్డులలో అడుగు పెట్టనిచ్చేవి కావు.

డర్బన్‌లో 1909లో ఆసుపత్రి తెరిచిన డాక్టర్ మెకార్డ్ ఇక్కడ ఆఫ్రికనులకు వైద్య కళాశాల ఒకటి రావాలని చాలా ఏళ్లు కలగన్నారు. చివరకు 1951లో నేటాలు విశ్వవిద్యాలయం వారి వైద్య కళాశాలలో ఆఫ్రికను, భారతీయ, కలర్డ్ విద్యార్థులకు తరగతులు మొదలైనవి. 1957లో మొదటి డాక్టర్లు బయటికి వచ్చారు. అదే సంవత్సరం ప్రభుత్వం ఈ కళాశాలను విశ్వవిద్యాలయం నుండి విడదీసి తన చేతిలోకి తీసుకోవాలని చూసింది. అలా చేస్తే ఉద్యోగాలు వదిలిపోతామని అధ్యాపకులు గట్టిగా నిలబడ్డారు. ప్రభుత్వం వెనక్కు తగ్గింది. ఆనాడు వారు నిలబడకపోతే తరువాత కథ వేరుగా ఉండేదని మా అభిప్రాయం.

కళాశాల అయితే వచ్చింది గాని, విద్యార్థుల వసతి గృహం దూరాన వెంట్‌వర్త్‌లో, నూనె శుద్ధి కర్మాగారం పక్కన. ఇంటి నుండి వచ్చే మన పిల్లల సంగతి మరొక రకం. గ్రూప్ ఏరియాస్ చట్టం మన వారిని పాత ఇళ్ల నుండి లేపి, 1960ల నుండి చాట్స్‌వర్త్‌లో పెట్టింది. చిన్న ఇల్లు, నిండా మనుషులు. ఒకవైపు రేడియో, మరొకవైపు పొయ్యి. అటువంటి ఇంట్లో ఎముకల పేర్లు కంఠస్థం చేయడం ఎవరి వల్ల అవుతుంది? బడిపంతుళ్లకు ఈ కష్టం బాగా తెలుసు. అందుచేత గ్రంథాలయమంటే పుస్తకాలకన్నా ముందు ఒక బల్ల, ఒక దీపం, మాట వినపడని నాలుగు గంటలు.

పుస్తకాల సంగతీ చిన్నది కాదు. వైద్య గ్రంథాలు మహా ఖరీదు. ఇటువంటి గ్రంథాలయాలు ఒక ఉపాయం చేస్తాయి. అందరికీ కావలసిన పుస్తకాలను బల్ల వెనుక విడిగా ఉంచి, కొద్ది గంటలకు మాత్రమే ఇస్తాయి. ఒకరు చదివి ఇవ్వగానే మరొకరి చేతికి పోతుంది. ఒక్క పుస్తకం ఒక తరగతి మొత్తాన్ని గట్టెక్కిస్తుంది. తమ దగ్గర లేని పత్రిక కావాలంటే వేరే ఊరి గ్రంథాలయానికి వ్రాసి తెప్పిస్తారు. వారాలు పట్టినా వస్తుంది. మనం పట్టా పుచ్చుకున్న డాక్టరు ఫొటోను సంచికలో అచ్చు వేస్తాము. బల్ల వెనుక నిలబడి ఆ పుస్తకం అందించిన వారి పేరు ఏ సంచికలోనూ కనిపించదు.

ఇక్కడ కొంచెం సముద్రం దాటి పోవాలి. గ్రంథాలయంలో వేల పత్రికలు ఉంటే సరిపోదు. ఏది ఎక్కడ ఉన్నదో చెప్పే సూచిక కావాలి. ఆ పని మొదలుపెట్టిన వారు అమెరికా సైన్యపు డాక్టరు జాన్ షా బిల్లింగ్స్. వాషింగ్టన్‌లోని సైనిక వైద్య గ్రంథాలయాన్ని ఆయన పెంచారు. చిత్రమేమంటే లింకన్‌ను కాల్చి చంపిన ఫోర్డ్ నాటకశాలలోనే ఆ గ్రంథాలయం 1887 వరకు ఉండేది. బిల్లింగ్స్ 1879లో ‘ఇండెక్స్ మెడికస్’ అనే సూచికను ప్రారంభించారు. లోకంలో అచ్చయ్యే వైద్య వ్యాసాలను విషయం వారీగా, రచయిత వారీగా చూపే పట్టిక అది. డర్బన్ విద్యార్థి ఒక జబ్బు గురించి తెలుసుకోవాలంటే ఈ లావుపాటి సంపుటాలు ఏడాది తరువాత ఏడాది దించి, ఆ జబ్బు పేరు కింద చూసి, పత్రిక పేరు, సంపుటం, పుట కాగితం మీద వ్రాసుకుని అలమారల దగ్గరికి పోయేవాడు. ఓపిక కావలసిన పని. మన మందలో దూడను వెతికినట్టే, గుర్తు తెలిస్తేనే దొరుకుతుంది.

ఇప్పుడు ‘డయాబిటిస్ మెల్లిటస్’ అన్న గుర్తు తీసుకుందాము. మన వాళ్లు ‘షుగరు’ అంటారు. తాత పండించినదీ షుగరే, మనవడికి పట్టినదీ షుగరే! ఈ మాట వేళాకోళం కాదు. కింగ్ ఎడ్వర్డ్ ఆసుపత్రిలో మధుమేహ రోగులను చూసిన డాక్టర్ జి. డి. క్యాంప్‌బెల్ 1960లలో నేటాలు భారతీయులలోను, పట్టణానికి వచ్చిన జూలూలలోను ఈ జబ్బు గురించి వ్రాశారు. పల్లె నుండి వచ్చి పట్టణపు తిండికి అలవాటు పడిన జూలూలలో సుమారు 20 సంవత్సరాలకు ఈ జబ్బు బయటపడుతున్నదని ఆయన గమనించారు. బ్రిటిష్ నౌకాదళపు డాక్టరు క్లీవ్‌తో కలిసి 1966లో ఆయన ఒక పుస్తకం ప్రచురించారు. శుద్ధి చేసిన చక్కెర, తెల్ల పిండి అనేక జబ్బులకు మూలమని వారి వాదం. ఇండియాలోని వారికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ చక్కెర తినే నేటాలు భారతీయులు వారికి పెద్ద ఉదాహరణ.

ఆ వాదం అంతా అలాగే నిలవలేదు. ఒక్క చక్కెర మీదనే నేరం మోపరాదని, వంశంలో వచ్చే లక్షణం, నడుము చుట్టూ కొవ్వు, ఒళ్లు వంచని జీవితం కూడా కారణాలేనని తరువాతి శాస్త్రం చెబుతున్నది. కాని జబ్బు ఉన్నదన్న మాట నిలిచింది. అదే కళాశాలకు చెందిన డాక్టర్లు ఒమర్, సీదత్, మొటాలా మొదలైన వారు 1994లో ప్రచురించిన పరిశోధనలో, వయసు సరిచేసి లెక్క వేస్తే, దక్షిణాఫ్రికా భారతీయ పెద్దలలో నూటికి 13 మందికి ఈ జబ్బు ఉన్నదని తేలింది. అంటే ఎనిమిది మంది కూర్చున్న బంతిలో ఒకరు. దీపావళి పళ్లేలు ఇల్లిల్లూ తిరిగే మన వారికి ఈ అంకె ఆ రోజే తెలియవలసినది. కాలి వేలు తీసేశారన్న కబురు బంధువుల ఇంటి నుండి వస్తే “ఖర్మ” అని ఊరుకునే అలవాటు ఇంకా మనలో పోలేదు. ఖర్మ కాదు, కారణం అచ్చులో ఉన్నది, అలమారలో ఉన్నది.

ఒక చిన్న ఫిర్యాదు కూడా చెప్పక తప్పదు. ఆ వ్యాసాలలో ఎక్కువ చోట్ల మనం ‘ఇండియన్’ లేదా ‘ఏషియాటిక్’. తెలుగు, తమిళ, హిందీ, గుజరాతీ అందరూ ఒకే గంపలో. అన్నం తినే వారి ఒంటికి, రొట్టె తినే వారి ఒంటికి భేదం ఏమన్నా ఉన్నదా అని అడిగితే వాటిలో జవాబు దొరకదు. ఆనాటి ప్రభుత్వం మనుషులను ఏ పెట్టెల్లో పెట్టిందో, శాస్త్రం కూడా ఆ పెట్టెలనే వాడుకున్నది.

తరువాత పని తీరు మారింది. 1964 నుండి ఆ సూచికను కంప్యూటరు తయారు చేయసాగింది. 1971లో ‘మెడ్‌లైన్’ పేరుతో టెలిఫోను తీగల మీద అందింది. 1997 నుండి ‘పబ్‌మెడ్’ అనే పేరుతో ఎవరికైనా ఉచితం. అచ్చు ఇండెక్స్ మెడికస్ 2004తో ఆగిపోయింది. మన దగ్గర అదే సంవత్సరం నేటాలు, డర్బన్-వెస్ట్‌విల్ విశ్వవిద్యాలయాలు కలిసి క్వాజూలు-నేటాలు విశ్వవిద్యాలయం అయినవి. వైద్య కళాశాల నెల్సన్ మండేలా గారి పేరు ధరించింది. మన పెద్దల ఓడల పట్టికలకు సంబంధించిన గాంధీ-లుతూలీ పత్రాలయం వెస్ట్‌విల్‌లో ఉన్నది. ఆ విధంగా, తాత ఏ ఓడలో దిగాడో చెప్పే కాగితమూ, ఆయన మనవలకు ఏ జబ్బు వచ్చిందో చెప్పే కాగితమూ ఇప్పుడు ఒకే విశ్వవిద్యాలయం కప్పు కింద ఉన్నవి.

ఇంట్లో కంప్యూటరు ఉన్న వారు పబ్‌మెడ్‌లో ‘డర్బన్’, ‘ఇండియన్స్’, ‘డయాబిటిస్’ అనే మూడు మాటలు ఇంగ్లీషులో వ్రాసి చూడవచ్చును. కొత్త వ్యాసాలకు సారాంశం వస్తుంది. 1960ల నాటి వాటికి మాత్రం సాధారణంగా పేరు, పత్రిక, సంపుటం, పుట ఇంతే వస్తాయి. ఆ కాగితం ముక్క వైద్య కళాశాలలో చదువుతున్న మనవరాలి చేతికి ఇవ్వండి. అలమార దగ్గరికి పోయి పుట తీయడం ఆమెకు వచ్చు.