తలకిందులైనా ఆగని ఇంజిన్

1940 వేసవి. ఇంగ్లండ్ గగనతలంలో జర్మన్ మెస్సర్‌ష్మిట్ 109లను తరుముతున్న స్పిట్‌ఫైర్ పైలట్లకు ఒక చిక్కు పదేపదే ఎదురయ్యేది. శత్రువు ముక్కు దించి ఒక్కసారిగా కిందికి దూకేవాడు. తామూ అలాగే దూకబోతే ఇంజిన్ ఆగినంత పని చేసేది. జర్మన్ ఇంజిన్లలో పెట్రోల్ నేరుగా సిలిండర్లలోకి ఇంజెక్ట్ అయ్యేది. స్పిట్‌ఫైర్‌లోని రోల్స్ రాయిస్ మెర్లిన్‌కు ఉన్నది, తొట్టిలో తేలే ఫ్లోట్‌తో పెట్రోల్ మట్టాన్ని చూసుకునే ఫ్లోట్ కార్బురేటర్. విమానం ఉన్నట్టుండి ముక్కు దించితే దాని తొట్టిలోని పెట్రోల్ పైకి ఎగిసేది. ముందు ఇంజిన్‌కు పెట్రోల్ అందేది కాదు. ఆ వెంటనే ఫ్లోట్ లెక్క తప్పి వాల్వు బార్లా తెరుచుకోవడంతో పెట్రోల్ ముంచెత్తేది.

దీనికి తాత్కాలిక మందు కనిపెట్టింది ఒక మహిళా ఇంజినీరు. ఫార్న్‌బరోలోని రాయల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఎస్టాబ్లిష్‌మెంట్‌లో పనిచేసిన బియాట్రిస్ షిల్లింగ్, బ్రూక్‌లాండ్స్ ట్రాక్‌పై నార్టన్ మోటార్‌సైకిల్‌ను గంటకు 100 మైళ్లకు పైగా పరుగెత్తించిన రేసర్ కూడా. ఇంజిన్ పూర్తి శక్తితో నడవడానికి ఎంత పెట్రోల్ కావాలో లెక్కగట్టి, అంతకు మించి పోనివ్వని చిన్న ఇత్తడి బిళ్లను ఆమె గొట్టంలో అమర్చింది. 1941 మార్చి నాటికి ఫైటర్ కమాండ్ విమానాలకు అది అందింది. ముంచెత్తడం ఆగింది. కానీ విమానాన్ని ఎక్కువసేపు తలకిందులుగా నడపాలంటే ఫ్లోట్ ఉన్నంతకాలం కుదరదు. ఆ తర్వాత మెర్లిన్‌లకు పెట్రోల్‌ను ఒత్తిడితో పంపే బెండిక్స్ స్ట్రోంబర్గ్ కార్బురేటర్లు వచ్చాయి. వాటిలో పెట్రోల్ లెక్క చూసేది ఫ్లోట్ కాదు, పల్చని పొరల్లాంటి డయాఫ్రమ్‌లు.

నేల మీద అడవుల్లోనూ ఇదే తిప్పలు. తొలినాటి చెయిన్‌సాలను ఇద్దరు మనుషులు మోయాల్సి వచ్చేది. పైగా ఫ్లోట్ ఉన్నందున ఇంజిన్‌ను నిలువుగానే పట్టుకోవాలి. నిలబడి ఉన్న చెట్టును మొదలు దగ్గర అడ్డంగా కోయాలంటే ఇంజిన్‌ను అలాగే ఉంచి, కత్తి ఉన్న పట్టీని మాత్రం తిప్పుకునే ఏర్పాటు చేసుకునేవారు. 1949లో అమెరికాలో మెక్‌కలక్ సంస్థ 3-25 మోడల్‌ను తెచ్చింది. బరువు 25 పౌండ్లు, అంటే సుమారు 11 కిలోలు. ఒక్క మనిషికి సరిపోయే యంత్రం. జర్మనీలో స్టిల్ కంపెనీ 1959లో డయాఫ్రమ్ కార్బురేటర్‌తో ‘కాంట్రా’ను విడుదల చేసింది. ఇక చెట్టెక్కి కొమ్మను కింది నుంచి కోసినా, రంపాన్ని పక్కకు వాల్చినా ఇంజిన్ ఆగదు.

అరచేతిలో పట్టే ఈ కార్బురేటర్‌ను విప్పి చూస్తే ఒక వైపు పంపు, మరో వైపు కొలత. క్రాంక్‌కేస్‌లో పిస్టన్ పైకీ కిందికీ పోతుంటే పుట్టే ఒత్తిడి, ఒక సన్నని రంధ్రం గుండా వచ్చి మొదటి డయాఫ్రమ్‌ను ఆడిస్తుంది. దాని అంచున ఉన్న రెండు నాలుకలే వాల్వులు. ట్యాంకులోంచి పెట్రోల్‌ను లాగేది ఇదే. రెండో డయాఫ్రమ్‌కు ఒక పక్క బయటి గాలి, మరో పక్క పెట్రోల్. ఇంజిన్ పెట్రోల్‌ను పీల్చినప్పుడు అది లోపలికి వంగి చిన్న మీటను నొక్కుతుంది. మీట సూదిని లేపుతుంది, కావలసినంత పెట్రోల్ వస్తుంది, మళ్లీ స్ప్రింగు సూదిని మూసేస్తుంది. ఇక్కడ మట్టం అనే మాటే లేదు కనుక యంత్రం ఎటు తిరిగినా ఫర్వాలేదు.

పక్కన కనిపించే స్క్రూలు మూడు. ‘ఎల్’ స్లోలో అందే పెట్రోల్‌కు, ‘హెచ్’ ఫుల్ రేస్‌లో అందే పెట్రోల్‌కు, మూడోది స్లో స్పీడుకు. ఎల్, హెచ్ స్క్రూలను బిగిస్తే పెట్రోల్ తగ్గుతుంది, వదులు చేస్తే పెరుగుతుంది. ఇంజిన్ వేడెక్కాక ముందు ఎల్. స్లోలో వేగం ఎక్కడ పతాకస్థాయికి చేరుతుందో కనిపెట్టి, అక్కడి నుంచి కాస్త వదలాలి. పికప్ తడబడకూడదు. తర్వాత మూడో స్క్రూతో చెయిన్ కదలకుండా స్లో స్పీడును కుదర్చాలి. హెచ్ దగ్గర చెవికి పని ఎక్కువ. మరీ బిగిస్తే ఇంజిన్ కీచుమంటూ ఎక్కడికో పోతుంది. వింటే ఉత్సాహంగానే ఉంటుంది గానీ ఇంజిన్‌కు ప్రాణాంతకం. టూ స్ట్రోక్ ఇంజిన్‌కు కందెన వచ్చేది పెట్రోల్‌లో కలిపిన ఆయిల్‌తోనే. 50కి 1 పాళ్లలో లీటరుకు 20 మిల్లీలీటర్లు. పెట్రోల్ తగ్గితే ఆయిల్ కూడా తగ్గి, పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది. అందుకే ఫుల్ రేస్‌లో బరువు లేకుండా నడిపినప్పుడు కొద్దిగా తడబడే మోత ఉండాలి. కర్రలో దిగగానే ఆ మోత శుభ్రపడాలి. టాకోమీటర్ ఉంటే కంపెనీ చెప్పిన వేగం దాటకుండా చూసుకోవచ్చు. అన్నీ అయ్యాక ఎల్‌ను మరోసారి చూడాలి.

1990ల చివరి నుంచి అమెరికాలో కాలుష్య నిబంధనలు రావడంతో స్క్రూలు ఎక్కువ తిరగకుండా ప్లాస్టిక్ మూతలు వచ్చాయి. ఇప్పుడు ఖరీదైన రంపాల్లో ఈ పనిని కంప్యూటరే చేస్తోంది. మన పొలాల్లోని బ్రష్ కట్టర్లు, చిన్న స్ప్రేయర్లు, చెయిన్‌సాలు మాత్రం చాలావరకు స్క్రూల మీదే ఆధారపడి ఉన్నాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖలో వేలాది చెట్లను కూల్చినప్పుడు రోడ్లు తెరవడానికి ముందుకు వచ్చింది చెయిన్‌సాలే.

వీటికిప్పుడు కొత్త పరీక్ష ఇథనాల్. బంకుల్లో 20 శాతం ఇథనాల్ పెట్రోల్ వచ్చింది. అనేక మాన్యువళ్లు మాత్రం 10 శాతం మించొద్దనే చెబుతున్నాయి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, పాత రకం డయాఫ్రమ్‌లను గట్టిపరుస్తుంది. గట్టిపడిన డయాఫ్రమ్ సరిగా వంగదు. అప్పుడు ఎన్ని స్క్రూలు తిప్పినా ఇంజిన్ కుదురుకోదు. కాబట్టి స్క్రూడ్రైవర్ పట్టే ముందు ఎయిర్ ఫిల్టర్, పెట్రోల్ ఫిల్టర్, డయాఫ్రమ్ చూడండి. నెలల తరబడి యంత్రాన్ని పక్కన పెట్టాల్సి వస్తే ట్యాంకు ఖాళీ చేసి, మిగిలిన పెట్రోల్ అయిపోయి ఇంజిన్ దానంతటదే ఆగేదాకా స్లోలో నడిపి, అప్పుడు భద్రపరచండి.